సలహా కూడా అమానతే



ఎం.బి.ఏ. మొదటి సంవత్సరం ముగించిన పిల్లలు వేసవిలో సుమారు ఎనిమిది వారాలపాటు ఏదో ఒక కంపెనీలో పని నేర్చుకునేందుకు వెళ్తారు. దానిని ఇంటర్న్‌షిప్ అంటున్నారు. బ్యాంకుకో కర్మాగారానికో వెళ్తే తల్లిదండ్రులకు చింత లేదు. కాని కొందరు పిల్లలు ‘మేనేజ్‌మెంట్ కన్సల్టింగ్’ అనే పనికి ఎంపికవుతున్నారు. అప్పుడే పెద్దలు మా వద్దకు వచ్చి, “మౌలానా సాబ్! ఆ కంపెనీ ఏమీ తయారు చేయదట, ఏమీ అమ్మదట. సలహా చెప్పి డబ్బు తీసుకుంటుందట. ఇది ఎలాంటి సంపాదన?” అని అడుగుతున్నారు. ప్రశ్న సమంజసమైనది. మన ఇళ్ళలో మష్వరా అంటే పెద్దలు ఉచితంగా ఇచ్చేది. దానికి ధర కట్టడం మనకు కొత్త. ఈ నెల ఆ విషయాన్నే పరిశీలిద్దాం.

ఈ వృత్తి ఏమిటి?

ఒక వ్యాపార సంస్థకో ప్రభుత్వానికో చిక్కు వస్తుంది. ఖర్చు పెరుగుతుంది, సరుకు కదలదు, లేదా కొత్త ఊరిలో శాఖ తెరవాలా వద్దా అనే సందేహం కలుగుతుంది. లోపలివారికి తీరిక ఉండదు, లేదా వారిలో వారికి ఏకాభిప్రాయం కుదరదు. అప్పుడు బయటి నుండి కొందరిని పిలిచి, లెక్కలు చూపి, దారి చెప్పమంటారు. అమెరికాలోని షికాగో నగరంలో అకౌంటింగ్ ఆచార్యుడైన జేమ్స్ మెకిన్సీ 1926లో ఇటువంటి సంస్థను స్థాపించాడు. నేడు ప్రపంచంలో ఈ వృత్తికి పేరెన్నికగన్న సంస్థలలో అది ఒకటి. 1963లో బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్ మొదలైనది. మన తెలుగునాట 2001లో హైదరాబాదులో ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్, 2015లో విశాఖపట్నంలో ఐ.ఐ.ఎం. ప్రారంభమయ్యాయి. ఇటువంటి విద్యాలయాలలో చదివే పిల్లలు కోరుకునే ఉద్యోగాలలో ఇది ముందు వరుసలో ఉన్నది.

ఆ ఎనిమిది వారాలు ఎలా గడుస్తాయి? మొదటివారం విషయం తెలుసుకోవడం. తరువాత అంకెలు సేకరించడం, ఎక్సెల్ పట్టికలు కట్టడం, పనివారితోను యజమానులతోను మాట్లాడటం. ఆపైన తెలుసుకున్నదంతా పది పదిహేను స్లైడ్లలోకి కుదించడం. చివరివారం పెద్దల ముందు నిలబడి చెప్పడం. పని నచ్చితే చదువు పూర్తికాక ముందే ఉద్యోగం ఖాయం చేస్తారు. కాబట్టి ఆ ఎనిమిది వారాలు ఒక సుదీర్ఘమైన పరీక్ష. రాత్రి పదకొండు వరకు పని చేయడం అక్కడ వింతేమీ కాదు.

మదరసాకు ఇది కొత్త కాదు

ఇంటర్న్‌షిప్ అనే మాట కొత్తది గాని, పద్ధతి మనకు పాతదే. ఆలిమ్ కోర్సు ముగించి ఇఫ్తా నేర్చుకునే విద్యార్థిని ఎవరూ వెంటనే ముఫ్తీ పీఠంపై కూర్చోబెట్టరు. దారుల్ ఇఫ్తాకు వచ్చిన ప్రశ్నను అతని చేతికిస్తారు. అతడు గ్రంథాలు తిరగేసి జవాబు రాస్తాడు. ఉస్తాద్ ఎర్రసిరాతో దిద్దుతారు. ఆధారం లేని వాక్యాన్ని కొట్టివేస్తారు. అడిగిన వ్యక్తి ఊరి ఆచారం కనుక్కున్నావా, అతడు అడగనిది ఎందుకు రాశావు అని నిలదీస్తారు. దీనినే ‘తమ్రీన్’ అంటాం. అంతా అయ్యాక జవాబు చివర, అసలు సత్యం అల్లాహ్‌కే బాగా తెలుసు అనే అర్థమిచ్చే ‘వల్లాహు అఅలం’ అని రాసి సంతకం చేయాలి.

ఆ చివరి మాట అలంకారం కాదు. సలహా చెప్పేవాడు తన హద్దును తానే గీసుకోవడం అది. మదీనా ఇమామ్ మాలిక్ (రహ్మ) తమను అడిగిన ఎన్నో ప్రశ్నలకు తమకు తెలియదని చెప్పి పంపిన సంగతి విద్వాంసులందరికీ తెలిసినదే. దూరదేశాల నుండి ప్రశ్న మోసుకొని వచ్చినవారు నిరాశపడినా ఆయన తెలియనిదాన్ని తెలిసినట్లు చెప్పలేదు. ఆయన గౌరవం అందువల్ల తగ్గలేదు, పెరిగింది. నేటి సలహా వృత్తిలో మన పిల్లలకు ఎదురయ్యే మొదటి పరీక్ష ఇక్కడే ఉన్నది. డబ్బు తీసుకున్నవాడు తెలియదు అనడానికి జంకుతాడు.

ఒక కుర్రాడి అనుభవం

టెక్కలి ప్రాంతంలో మేము ఎరిగిన కుటుంబం ఒకటి ఉన్నది. ముస్లిం ఇళ్ళు బహు తక్కువగా ఉన్న జిల్లా కనుక ఒకరి పిల్లల సంగతి మరొకరికి తెలుస్తూనే ఉంటుంది. ఆ ఇంటి కుర్రాడు ఒక వేసవిలో ఇటువంటి సంస్థకు వెళ్ళాడు. అతని బృందానికి అప్పగించిన పని జీడిపప్పు వ్యాపారానికి సంబంధించినది. పిక్క కాల్చడం, కొట్టడం, పొట్టు తీయడం, గుండు, బద్ద, ముక్కలుగా వేరు చేయడం వంటి పనులలో ఎక్కడ ఖర్చు తగ్గించవచ్చునో చెప్పాలి. ఆ పనుల్లో అధిక భాగం స్త్రీల చేతుల మీద జరుగుతుందని పలాస, కాశీబుగ్గ వాసులకు ఎవరూ చెప్పనక్కరలేదు. డబ్ల్యూ 320 అంటే ఒక పౌను బరువుకు 320 వరకు గింజలు తూగే గుండు పప్పు అనీ, గింజ విరిగితే ధర పడిపోతుందనీ ఆ కుర్రాడు చిన్ననాడే విన్నవాడు.

మొదట అతనికి మంచే జరిగింది. ఉద్దానంలో పిక్కల దిగుబడి ఒక ఏడాది నుండి ఎందుకు పడిపోయిందో బృందానికి అంతుపట్టలేదు. రైతులకు సాగు మెళకువ లేదని ఒకరు రాయబోయారు. అప్పుడు ఇతడు 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుఫాను గురించి చెప్పాడు. కాపుకు వచ్చిన జీడిచెట్లు, కొబ్బరిచెట్లు వేళ్ళతో సహా ఒరిగిపోయాయనీ, కొత్త చెట్టు కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుందనీ వివరించాడు. బృందం పెద్ద సంతోషించి ఆ స్లైడును మార్పించాడు. ఊరి జ్ఞానానికి అక్కడ విలువ దక్కింది.

చిక్కు చివరివారంలో వచ్చింది. యంత్రాలు పెడితే ఎంత ఆదా అవుతుందో లెక్కకట్టినది మూడు కర్మాగారాలు చూసి మాత్రమే. మూడూ పెద్దవే. చిన్న కర్మాగారాల లెక్క ఎవరూ తీయలేదు. స్లైడులో మాత్రం ఈ ఆదా పరిశ్రమ అంతటికీ వర్తిస్తుందన్నట్లు రాశారు. మూడు కర్మాగారాల లెక్క మాత్రమేనని కింద రాద్దామని ఇతడు అడిగాడు. అలా రాస్తే మాట బలం తగ్గుతుందని పైవాడు అన్నాడు. ఆ రాత్రి కుర్రాడు మాకు ఫోను చేశాడు. “హజ్రత్! నేను అబద్ధం ఏమీ రాయడం లేదు. ఒక వాక్యం రాయకుండా వదిలేస్తున్నాను. ఇది పాపమా? రాద్దామని పట్టుబడితే ఉద్యోగం పోవచ్చు. ఇంట్లో చదువు అప్పు ఉన్నది” అన్నాడు.

అతడు అడిగిన ప్రశ్నకు జవాబు మేము కల్పించనవసరం లేదు. అది మన ధర్మంలోనే ఉన్నది.

అమానత్ అంటే ఏమిటి?

తిర్మిజీ సంకలనంలో ఒక సంఘటన ఉన్నది. దైవప్రవక్త (స) తమకు ఆతిథ్యమిచ్చిన అన్సారీ సహచరుడు హజ్రత్ అబుల్ హైసమ్ (రజి)కు ఒక సేవకుణ్ణి ఇవ్వదలచారు. ఇద్దరు సేవకులు ఉన్నారు. వారిలో ఒకరిని ఎంచుకోమంటే, ఆ ఎంపిక కూడా మీరే చేయండని ఆయన కోరారు. అప్పుడు ప్రవక్త (స) సలహా అడగబడినవాడు అమానత్‌దారు అని బోధించి, ఒకరిని చూపి, ఇతడు నమాజు చేస్తుండగా చూశానని కారణం కూడా తెలిపారు. అతనితో మంచిగా మెలగమని హితవు చెప్పారు. అబుల్ హైసమ్ (రజి) ఇంటికి వెళ్ళి సంగతి చెప్పగా, ఆ హితవుకు పూర్తి న్యాయం జరగాలంటే ఇతణ్ణి స్వతంత్రుణ్ణి చేయాలని భార్య అన్నది. ఆయన అలాగే చేశారు.

ఈ చిన్న సంఘటనలో సలహా వృత్తికి కావలసిన నియమాలన్నీ ఉన్నాయి. సలహా అడగడమంటే ఒకరు తమ మేలును మన చేతిలో పెట్టడం. చెప్పినదానికి కారణం చూపాలి, ఆ కారణం మనం కళ్ళారా చూసినదై ఉండాలి. సలహా వల్ల ప్రభావితుడయ్యే బలహీనుణ్ణి మరువరాదు. అక్కడ ఆ బలహీనుడు సేవకుడు. ఇక్కడ పొట్టు తీసే స్త్రీ. అబూ దావూద్ సంకలనంలోని మరొక హదీసు భావమేమంటే, మేలు వేరొకదానిలో ఉన్నదని తెలిసి కూడా సోదరునికి మరో సలహా ఇచ్చినవాడు అతనికి ద్రోహం చేసినట్లే. వదిలేసిన వాక్యం వల్ల సలహా కోరినవాడు దారి తప్పుతాడని తెలిస్తే, ఆ మౌనం కూడా ఈ ద్రోహంలోకే వస్తుంది. మూడింటిని చూసి అన్నిటి మీద తీర్పు చెప్పడం సాక్ష్యాన్ని సాగదీయడమే. కుర్రాడికి మేము ఇదే చెప్పాము. పైవాడితో వాదులాడవద్దని, మర్యాదగా రాతపూర్వకంగా తన అభ్యంతరం తెలుపమని, తర్వాతి ఫలితాన్ని ఉపాధి ప్రదాతయైన అల్లాహ్‌కు అప్పగించమని అన్నాము.

అతడు అలాగే చేశాడు. ఆ వాక్యం చిన్న అక్షరాలలో స్లైడు అడుగున చేరింది. ఉద్యోగం మాత్రం రాలేదు. దానికి ఆ వాక్యమే కారణమని అతడూ అనలేదు, మేమూ అనము. ఎంపిక కానివారు అతనితోపాటు ఇంకా కొందరున్నారు. అప్పు తీరడానికి ఆ ఇంటివారికి మరికొంత కాలం పట్టింది. సత్యానికి ప్రతిఫలం ఇహలోకంలో నెల తిరగకుండా దక్కుతుందని పిల్లలకు చెప్పడం మాకు ఇష్టం లేదు. ఇహంలో దక్కినా దక్కకపోయినా సత్యం సత్యమేనని చెప్పడమే తల్లిదండ్రుల ధర్మం. మా ప్రాంతంలో ఒక ఊరి పేరే హరిశ్చంద్రపురం. మాట తప్పనివానికి కష్టం తప్పలేదన్న సంగతిని ఆ పేరే తరతరాలుగా చెబుతున్నది. ఇది ఏ మతంవారూ కాదనలేని విషయం.

ఎవరిని అడిగారు?

ఈ వృత్తి మన రాష్ట్ర ప్రజలకు పెద్దయెత్తున తెలిసినది ‘విజన్ 2020’ వల్ల. మెకిన్సీ సంస్థ సహకారంతో తయారైన ఆ పత్రాన్ని అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1999 జనవరిలో ప్రకటించింది. అందులో ఐ.టి., సేవారంగాల విస్తరణ గురించి ఘనమైన ఆశలున్నాయి. వ్యవసాయం మీద ఆధారపడే జనుల శాతాన్ని డెబ్బయి నుండి నలభైకి తగ్గించాలనే ఆలోచన కూడా ఉన్నది. 2001 జూన్‌లో మెదక్ జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో ‘ప్రజాతీర్పు’ అనే కార్యక్రమం జరిగింది. చిన్న, సన్నకారు రైతులు న్యాయనిర్ణేతలుగా కూర్చున్నారు. వారిలో ఎక్కువమంది స్త్రీలు. ప్రభుత్వ పత్రాన్ని సమర్థించేవారి మాట, వ్యతిరేకించేవారి మాట విని, ఆ దారి తమకు వద్దని తేల్చిచెప్పారు. పత్రంలోని ఆశలన్నీ తప్పని మేము అనడం లేదు. హైదరాబాదులో నేడు మన పిల్లలు చేసే ఉద్యోగాలు కళ్ళముందే ఉన్నాయి. కాని ఎవరి జీవితం గురించి సలహా చెబుతున్నామో వారిని ముందు అడగకపోతే, తర్వాతనైనా వారు తమ తీర్పు వినిపిస్తారు.

దైవప్రవక్త (స)కు వహీ వచ్చేది. అయినా సహచరులను సంప్రదించమని అల్లాహ్ ఆయనను ఆదేశించాడు. దివ్య ఖుర్ఆన్‌లో 42వ సూరా పేరే ‘షూరా’, అంటే సంప్రదింపు. బద్ర్ సందర్భంలో హజ్రత్ హుబాబ్ (రజి) ముందుగా ఈ విడిది దైవాజ్ఞా, యుద్ధవ్యూహమా అని అడిగారు. వ్యూహమని తెలిశాకనే బావి దగ్గరకు మారుదామని సలహా ఇచ్చారు. తన మాటకు ఎక్కడివరకు చోటున్నదో తెలుసుకొని మాట్లాడారు. హిజ్రీ 5లో ఖందక్ యుద్ధ సమయంలో హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) తన దేశపు పద్ధతియైన కందకాన్ని సూచించారు. బయటి జ్ఞానం తెచ్చినవాడంటే ఆయనే. అయితే సలహా చెప్పి వెళ్ళిపోలేదు, అందరితోపాటు మట్టి తవ్వారు. హుదైబియాలో సహచరులు దుఃఖంతో కదలలేకపోయినప్పుడు, మీరే ముందు ఖుర్బానీ చేసి తలనీలాలు తీయించుకోండని హజ్రత్ ఉమ్మె సలమా (రజి) సూచించారు. చిక్కు విడిపోయింది. ఆడపిల్లకు ఈ సలహా పనులెందుకని అనేవారు ఆ ఘట్టాన్ని మరొకసారి చదవాలి.

మదీనా ఖర్జూర తోటల హదీసు కూడా ఇక్కడ స్మరణీయం. చెట్లకు పరాగం అద్దే పద్ధతి గురించి ప్రవక్త (స) తమకు తోచిన ఊహ ఒకటి అన్నారు. రైతులు ఆ పద్ధతి మానగా కాపు తగ్గింది. ప్రాపంచిక వ్యవహారాలు మీకే బాగా తెలుసునని ఆయన వారితో అన్నారు. సృష్టిలో శ్రేష్ఠుడైన వ్యక్తి తోటమాలికి ఇచ్చిన ఈ గౌరవాన్ని, లాప్‌టాప్ పట్టుకొని ఊరికి వచ్చే ఇరవై మూడేళ్ళ కుర్రాడు ఇవ్వలేడా?

ఉద్దానం ప్రజలకు ఈ విషయం బాగా తెలుసు. మూత్రపిండాల వ్యాధి కారణం కనుగొనేందుకు ఏళ్ళ తరబడి పరిశోధకులు వచ్చారు, రక్తం తీసుకున్నారు, నీటి నమూనాలు తీసుకున్నారు. ఇదొక్కటే కారణమని శాస్త్రం ఇంకా తేల్చలేదు. అయినా 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, హిరమండలం జలాశయం నుండి మంచినీరు తెచ్చే పథకం ప్రారంభమయ్యాయి. కారణం పూర్తిగా తెలియదని ఒప్పుకుంటూనే మేలైన సలహా ఇవ్వవచ్చునని దీనివల్ల తెలుస్తున్నది. తెలియదు అనడం చేతులెత్తేయడం కాదు.

అమానత్ తప్పితే

పెద్దపేరు ఉన్నంత మాత్రాన అమానత్ నిలుస్తుందని అనుకోరాదు. మెకిన్సీ సంస్థకు 1994 నుండి 2003 వరకు అధిపతిగా ఉన్న రజత్ గుప్తా, తర్వాత మరొక సంస్థ డైరెక్టరుగా బోర్డు సమావేశాలలో విన్న రహస్యాలను షేర్ల వ్యాపారికి అందించినట్లు 2012లో అమెరికా న్యాయస్థానం నిర్ధారించింది. ఆయన జైలుకు వెళ్ళారు. సభలో విన్న మాట అమానత్ అని మన హదీసు బోధ. మత్తును కలిగించే నొప్పి మందుల అమ్మకాలు పెంచేందుకు ఇచ్చిన సలహాలపై అదే సంస్థ 2021లోను, 2024లోను అమెరికాలో వందల మిలియన్ల డాలర్లు చెల్లించేందుకు అంగీకరించింది. మందు అమ్మినది వేరొకరే కావచ్చు. కాని పాపకార్యంలో తోడ్పడవద్దని ఖుర్ఆన్ చేసిన హెచ్చరిక సలహాదారుకు కూడా వర్తిస్తుంది.

యూసుఫ్ (అ) ఆదర్శం ఇందుకు పూర్తిగా భిన్నమైనది. ఆయన రాజు కలకు అర్థం చెప్పి ఊరుకోలేదు. ఏడేళ్ళు పండించండి, తినేది పోను మిగిలిన ధాన్యాన్ని వెన్నులతోనే ఉంచండి, తర్వాతి ఏడేళ్ళ కరవుకు అది పనికివస్తుందని ఉపాయం చెప్పారు. ఆపైన ధాన్యాగారాల బాధ్యత తనకు అప్పగించమని కోరి, ఆకలిగొన్నవారు వచ్చేనాటికి గింజలు కొలిచి ఇచ్చేందుకు అక్కడే ఉన్నారు. తన సలహా ఫలితాన్ని తానే భుజాన మోశారు.

తల్లిదండ్రులకు మా మనవి

పిల్లలను ఈ వృత్తికి పంపవద్దని మేము అనము. జ్ఞానానికి, శ్రమకు వేతనం తీసుకోవడం ధర్మసమ్మతమే. అయితే బయలుదేరే ముందు ఇంట్లో కూర్చొని కొన్ని విషయాలు మాట్లాడుకోండి. మద్యం, జూదం, వడ్డీ వ్యాపారాలకు సంబంధించిన పని అప్పగిస్తే ఏమి చేయాలో ముందే తెలిసి ఉండాలి. వేరే పని ఇవ్వమని మొదటి రోజే మర్యాదగా అడగడం తేలిక, నాలుగోవారంలో కష్టం. మధ్య రకపు సందేహాలుంటే పూర్తి వివరాలతో దగ్గరలోని ముఫ్తీ సాబ్‌ను అడగండి. పైపైన చెప్పి పైపై జవాబు తీసుకోవద్దు. జుహర్, అసర్ నమాజులకు పది నిమిషాలు, జుమాకు ఒక గంట కావాలని ముందే చెబితే ఒప్పుకునేవారే ఎక్కువ. చాటుగా వెళ్ళి రావడం వల్లనే అపోహలు పుడతాయి.

అంకె ఎక్కడి నుండి వచ్చిందో, ఎన్నింటిని చూసి రాశారో పక్కనే రాసే అలవాటు చేయించండి. సంస్థ రహస్యాన్ని అన్నాతమ్ముల మధ్య కూడా చెప్పవద్దని నేర్పండి. మీరు కూడా కుతూహలంతో గుచ్చి గుచ్చి అడగకండి.

ఈ అభ్యాసం పెద్ద విద్యాలయాలవారికే అనుకోకండి. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కళాశాలలలో 2020-21లో చేరినవారి నుండి పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయింది. అందులో రెండు నెలలు ఊరి సమస్యపై సర్వే చేసే సామాజిక సేవా ప్రాజెక్టు. మన పిల్లలలో కొందరు ఇళ్ళకు వెళ్ళకుండానే ఒకరి కాగితం చూసి మరొకరు నింపేస్తున్నారు. సర్టిఫికెట్ వస్తుంది గాని, లేని మనిషి పేరిట జవాబు రాసిన చేయి రేపు కోట్ల రూపాయల సలహాలో నిజం రాస్తుందని ఎలా నమ్మగలం? ఇంటి గడప తొక్కి, ఆ ఇల్లాలి మాట విని, విన్నదే రాయడం ఇరవై ఏళ్ళ ప్రాయంలోనే అలవడాలి.

మన పిల్లలకు తెలిసినది తెలిసినట్లు చెప్పే ధైర్యాన్ని, తెలియనిదానిని తెలియదనే వినయాన్ని, తమను నమ్మి అడిగినవారి మేలు కోరే హృదయాన్ని, ధర్మసమ్మతమైన ఉపాధిని అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్. వల్లాహు అఅలం.